ట్రైలరు సంచార జీవనం - ఇంటిబడి

ట్రైలరు సంచార జీవనం అనగా ఒక కుటుంబం స్థిరమైన ఇంటిని విడిచి, మోటారు వాహనం వెనుక తగిలించి లాగుకొనిపోయే చక్రాల ఇంటిలో సంవత్సరం పొడవునా నివసిస్తూ, ఊరూరా తిరుగుతూ గడిపే జీవన విధానం. ఇటువంటి కుటుంబాలలో బడి వయసు పిల్లలు ఉన్నప్పుడు సాధారణంగా తల్లిదండ్రులే వారికి చదువు చెబుతారు. పాఠశాలకు పంపకుండా ఇంటివద్దనే విద్య నేర్పే ఈ పద్ధతిని ఇంటిబడి లేక హోమ్ స్కూలింగ్ అంటారు. ఈ రెండూ కలిసిన జీవన విధానం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఎక్కువగా కనిపిస్తుంది. సుదీర్ఘమైన రహదారులు, ట్రైలర్లు నిలుపుకొనేందుకు వసతులున్న విడిది స్థలాలు, 50 రాష్ట్రాలలోనూ ఇంటిబడికి చట్టబద్ధత ఉండటం ఇందుకు ముఖ్య కారణాలు.

ఇల్లు కదులుతూ ఉన్నప్పటికీ నాలుగు విషయాలు స్థిరంగా ఉండవలసి ఉంటుంది. చట్టరీత్యా ఒక చిరునామా, పిల్లలకు ఒక దినచర్య, పాఠాలకు ఒక క్రమం, చదివినదానికి ఒక వ్రాతపూర్వకమైన ఆధారం. ఈ విధానంలో పిల్లల చదువు ముందుకు సాగడం, కుంటుపడటం చాలావరకు వీటి మీదనే ఆధారపడి ఉంటాయి.

ట్రైలర్లలో రకాలు

వాహనం వెనుక కొక్కేనికి తగిలించి లాగే ఇంటిని ట్రావెల్ ట్రైలరు అంటారు. పికప్ ట్రక్కు వెనుక తొట్టిలో అమర్చిన ప్రత్యేకమైన బిగింపుపై ముందుభాగం ఆనేలా తయారుచేసిన పెద్ద ట్రైలరును ఫిఫ్త్ వీల్ అంటారు. ఇంజను, ఇల్లు ఒకే వాహనంగా ఉంటే అది మోటారు హోమ్. వీటన్నిటినీ కలిపి ఆర్.వీ. అని వ్యవహరిస్తారు. మొబైల్ హోమ్ అనే పేరుతో పిలిచే ఇళ్ళు వీటికి భిన్నమైనవి. అవి చక్రాల మీద తరలించగలిగినవే అయినా, ఒకసారి నిలిపిన తరువాత సాధారణంగా అక్కడే ఉండిపోతాయి.

కుటుంబాలు వాడే ట్రైలర్లు ఎక్కువగా 20 నుండి 40 అడుగుల పొడవు, గరిష్ఠంగా ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు కలిగి ఉంటాయి. పిల్లలున్నవారు ఒకదానిపై ఒకటి అమర్చిన పడకలు గల నమూనాను ఎంచుకుంటారు. భోజనాల బల్లయే పగలు చదువుల బల్ల, రాత్రి కావాలంటే మరొక పడక.

చరిత్ర

ట్రైలరు యాత్రలు: మోటారు కార్లు సామాన్యులకు అందుబాటులోకి వచ్చిన కొద్దికాలానికే అమెరికాలో వాహనాలలో విడిది చేస్తూ తిరగడం మొదలయింది. 1919లో ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపా నగరంలో టిన్ కాన్ టూరిస్ట్స్ అనే సంఘం ఏర్పడింది. వాలీ బయామ్ 1931లో ఎయిర్ స్ట్రీమ్ సంస్థను స్థాపించాడు. 1936లో ఈ సంస్థ విడుదల చేసిన క్లిప్పర్ అనే అల్యూమినియం ట్రైలరు బాగా ప్రసిద్ధి పొందింది. బయామ్ పేరుతో 1955లో యాత్రికుల సంఘం ఒకటి ఏర్పడింది. 1959లో ఆయన నాయకత్వంలో 41 ట్రైలర్లు దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ నుండి ఈజిప్టులోని కైరో వరకు యాత్రకు బయలుదేరాయి. 1956లో చేసిన ఫెడరల్ రహదారుల చట్టం వలన నిర్మించబడిన అంతర్రాష్ట్ర రహదారులు పెద్ద ట్రైలర్ల ప్రయాణాన్ని సులభతరం చేశాయి. పూర్తికాలం సంచారం చేసేవారికోసం జో, కే పీటర్సన్ దంపతులు 1978లో ఎస్కేపీస్ అనే సంఘాన్ని స్థాపించారు.

ఇంటిబడి: అమెరికాలో నిర్బంధ పాఠశాల విద్యా చట్టాన్ని మొదట 1852లో మసాచుసెట్స్, చివరగా 1918లో మిసిసిపీ రాష్ట్రం చేశాయి. అంతకు ముందు అనేక కుటుంబాలలో చదువు ఇంటివద్దనే జరిగేది. బాల్టిమోర్ నగరంలోని కాల్వర్ట్ పాఠశాల 1906లో ఇంటివద్ద చదువుకొనే పిల్లలకు తపాలా ద్వారా పాఠాలు పంపడం ప్రారంభించింది. విదేశాలలో ఉండే అమెరికన్ కుటుంబాలకు ఇది బాగా ఉపయోగపడింది. ఉపాధ్యాయుడు, రచయిత జాన్ హోల్ట్ (1923-1985) బడులలో పిల్లలు భయంతో, మార్కుల కోసం చదువుతున్నారని విమర్శించాడు. ఆయన 1977లో ఇంటిబడి కుటుంబాల కోసం ఒక పత్రికను ప్రారంభించాడు. 1980ల నుండి మత కారణాల వలన ఇంటిబడిని ఎంచుకొన్న కుటుంబాలు కూడా పెద్ద సంఖ్యలో చేరాయి. 1993 నాటికి అన్ని రాష్ట్రాలలోనూ ఇంటిబడి చట్టబద్ధమయింది.

అమెరికా విద్యాశాఖ అంచనాల ప్రకారం ఇంటిబడి పిల్లలు 1999లో సుమారు 8,50,000, 2007లో సుమారు 15 లక్షల మంది. కోవిడ్ వ్యాధి కారణంగా బడులు మూతపడిన 2020లో, జనగణన సంస్థ సర్వే ప్రకారం, బడి వయసు పిల్లలున్న కుటుంబాలలో ఇంటిబడి నడుపుతున్నవి వసంతకాలంలో 5.4 శాతం కాగా శరదృతువు నాటికి 11.1 శాతానికి పెరిగాయి. అదే కాలంలో అనేక ఉద్యోగాలు ఇంటినుండి చేసే వీలు కలగడంతో ట్రైలరు జీవనం వైపు కూడా కొన్ని కుటుంబాలు మొగ్గుచూపాయి.

ఇంటి నిర్వహణ

ట్రైలరులో నీరు, విద్యుత్తు, బరువు - ఈ మూడింటికీ లెక్క ఉంటుంది. మంచినీటికి ఒక తొట్టి, స్నానానికి, పాత్రలు కడగడానికి వాడిన నీటికి మరొక తొట్టి, మరుగుదొడ్డి నీటికి ఇంకొక తొట్టి ఉంటాయి. మంచినీటి తొట్టి 40 గ్యాలన్లది అనుకుంటే అందులో సుమారు 150 లీటర్ల నీరు పడుతుంది. గొట్టపు సదుపాయం లేని చోట నలుగురు మనుషులు ఈ నీటితో కొద్ది రోజులు గడపాలంటే స్నానాలను కూడా నిమిషాలతో కొలుచుకోవాలి. వాడిన నీటిని ఇందుకోసం ఏర్పాటుచేసిన చోట మాత్రమే ఖాళీ చేయాలి.

విడిది స్థలాలలో సాధారణంగా 30 ఆంపియర్లు లేక 50 ఆంపియర్ల విద్యుత్ కనెక్షన్లు ఉంటాయి. 120 వోల్టుల వద్ద 30 ఆంపియర్లు అంటే 3,600 వాట్లు. 1,500 వాట్ల ఏసీ, 1,500 వాట్ల హీటరు, 1,000 వాట్ల మైక్రోవేవ్ ఒకేసారి వేస్తే మొత్తం 4,000 వాట్లవుతుంది, సర్క్యూట్ బ్రేకర్ పడిపోతుంది. ఎనిమిదవ తరగతి భౌతికశాస్త్ర పాఠం వంటగదిలోనే పిల్లలకు అనుభవమవుతుంది.

ప్రతి ట్రైలరుకు తయారీదారు నిర్ణయించిన బరువు పరిమితి ఉంటుంది. 40 గ్యాలన్ల నీరే సుమారు 150 కిలోలు తూగుతుంది. బట్టలు, పాత్రలు, పనిముట్ల తరువాత మిగిలిన బరువులోనే పుస్తకాలు ఇమడాలి. అందువలన ఈ కుటుంబాలు కొద్ది పాఠ్యపుస్తకాలను మాత్రమే వెంట ఉంచుకొని మిగిలినవి ఎలక్ట్రానిక్ రూపంలో చదువుతాయి. ఊరి గ్రంథాలయంలో కూర్చుని చదవడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు కాని, పుస్తకం ఇంటికి తెచ్చుకోవడానికి చాలాచోట్ల ఆ ప్రాంత నివాసి అయి ఉండాలి.

దినచర్య

ప్రయాణపు రోజులు, నిలకడ రోజులు అని ఈ కుటుంబాల కాలం రెండు విధాలుగా సాగుతుంది. ఒకనాటి ప్రయాణం 300 మైళ్ళు మించకూడదని, మధ్యాహ్నం 3 గంటలలోపు విడిదికి చేరాలని, అక్కడ కనీసం 3 రాత్రులు ఉండాలని సంచారులలో ఒక సూత్రం ప్రచారంలో ఉన్నది. పిల్లలున్న కుటుంబాలు దీనికంటె నిదానంగా, ఒక్కొక్కచోట వారాల తరబడి ఉండటం పరిపాటి.

కదులుతున్న ట్రావెల్ ట్రైలరులో మనుషులు కూర్చొనడాన్ని అమెరికాలోని చాలా రాష్ట్రాలు నిషేధించాయి. పిల్లలు ముందు వాహనంలో బెల్టులు పెట్టుకొని కూర్చోవాలి. కాబట్టి ప్రయాణపు రోజున వ్రాతపని జరగదు. కథల శ్రవణం, నోటిలెక్కలు, పటం చూసి దారి చెప్పడం వంటివి చేయిస్తారు. ఒక వాహనం గ్యాలనుకు 10 మైళ్ళు నడిస్తే 150 మైళ్ళకు ఎంత ఇంధనం కావాలి, దానికి ఎంత ఖర్చవుతుంది అన్నది ఇటువంటి నోటిలెక్కకు ఉదాహరణ.

నిలకడ రోజులలో ఉదయం రెండు మూడు గంటలు గణితం, భాష వంటి క్రమం తప్పకూడని విషయాలకు కేటాయించి, మధ్యాహ్నం పరిసరాల సందర్శనకు వెళ్ళడం సాధారణంగా అనుసరించే పద్ధతి. తల్లిదండ్రులలో ఒకరు అదే బల్ల వద్ద ఇంటర్నెట్ ద్వారా ఉద్యోగం చేస్తూ ఉంటారు. వానపడే వారంలో నలుగురైదుగురు ఒకే గదిలో గడపవలసి రావడం ఈ జీవితంలోని కష్టాలలో మొదటిది. ఒంటరిగా చదువుకొనే చోటు లేకపోవడం ఎదిగే పిల్లలకు మరింత ఇబ్బంది కలిగిస్తుంది.

బోధనా పద్ధతులు

పాఠశాల పాఠ్యప్రణాళికనే యథాతథంగా అనుసరించడం ఒక పద్ధతి. బ్రిటిష్ విద్యావేత్త షార్లెట్ మేసన్ (1842-1923) సూచించిన పద్ధతి మరొకటి. ఇందులో చదివినదానిని పిల్లలు తమ సొంత మాటలలో తిరిగి చెప్పడం, చూసిన మొక్కలను, పక్షులను బొమ్మలతో నోటుపుస్తకంలో నమోదు చేయడం ముఖ్యమైనవి. ఈ రెండవ పనికి సంచార జీవనం బాగా అనుకూలిస్తుంది. పిల్లల ఆసక్తిని బట్టి చదువు తనంతట తానే సాగాలనే పద్ధతిని అన్ స్కూలింగ్ అంటారు. ఈ పదాన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు జాన్ హోల్ట్.

చరిత్ర, భూగోళం, జీవశాస్త్రం వంటి విషయాలు ప్రయాణంతో సులభంగా జతపడతాయి. గణితం, వ్యాకరణం అలా జతపడవు. భిన్నాలు రానివానికి బీజగణితం రాదు. ఏ ఊరిలో ఉన్నా మెట్టు వెంట మెట్టుగా ప్రతిదినం సాధన చేయవలసిన విషయాలివి. ప్రయాణాల ఉత్సాహంలో ముందుగా వెనుకబడేది కూడా ఇవే.

చూసిన ప్రదేశాలే పాఠాలు

అమెరికా జాతీయ ఉద్యానవనాల సంస్థ జూనియర్ రేంజర్ అనే కార్యక్రమాన్ని నిర్వహిస్తున్నది. పిల్లలు ఒక చిన్న పుస్తకంలోని ప్రశ్నలకు ఆ ప్రదేశమంతా తిరిగి జవాబులు వ్రాసి, అధికారికి చూపి, ప్రమాణం చేసి బ్యాడ్జి పొందుతారు. నాలుగవ తరగతి వయసు పిల్లలకు ఒక సంవత్సరం పాటు ఉచిత ప్రవేశం కల్పించే పథకం 2015లో మొదలయింది. ఇంటిబడి పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది.

అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ లో అంచు వద్దనున్న సున్నపురాయి సుమారు 27 కోట్ల సంవత్సరాల నాటిది. లోయ అడుగున ఉన్న రాళ్ళు సుమారు 170 కోట్ల సంవత్సరాల నాటివి. పాఠ్యపుస్తకంలో ఒక పటంగా ఉండే భూమి పొరలను ఇక్కడ నడిచి దాటవచ్చును. కొలరాడోలోని మేసా వెర్డేలో కొండచరియల క్రింద కట్టిన ఇళ్ళను వాటి నివాసులు సుమారు 1300 నాటికి విడిచిపెట్టారు. కాలిఫోర్నియాలోని మాంజనార్ లో 1942 నుండి జపాన్ సంతతి ప్రజలను నిర్బంధించి ఉంచిన శిబిరాన్ని చూడవచ్చు.

బడి చరిత్రను తెలిపే ప్రదేశాలు కూడా ఉన్నాయి. కాన్సాస్ లోని టొపీకాలో, బడులలో జాతి వివక్ష చెల్లదని 1954లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పుకు సంబంధించిన స్మారక స్థలం ఉన్నది. అర్కన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్ లో 1957లో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులు సైనికుల రక్షణలో ప్రవేశించిన ఉన్నత పాఠశాల ఇప్పటికీ నడుస్తున్నది. బడిలో చోటు కోసం పోరాడిన పిల్లల కథను బడికి వెళ్ళని పిల్లలు అక్కడ నిలబడి వినడం, చదువు అంటే ఏమిటనే చర్చకు మంచి ఆరంభం కాగలదు.

చట్టం, స్థిరనివాసం

అమెరికాలో విద్య రాష్ట్రాల పరిధిలోని అంశం. ట్రైలరులో తిరిగే కుటుంబం కూడా వాహన రిజిస్ట్రేషను, డ్రైవింగ్ లైసెన్సు, పన్నులు, ఇంటిబడి వంటి అవసరాలకు ఏదో ఒక రాష్ట్రాన్ని చట్టబద్ధమైన స్థిరనివాసంగా చేసుకోవాలి. ఇందుకు టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటా రాష్ట్రాలను ఎక్కువమంది ఎంచుకుంటారు. ఈ మూడింటిలోనూ వ్యక్తిగత ఆదాయంపై రాష్ట్ర పన్ను లేదు. టెక్సస్ లోని లివింగ్ స్టన్ లో ఉన్న ఎస్కేపీస్ వంటి సంస్థలు ఉత్తరాలను స్వీకరించి, సభ్యులు ఉన్నచోటికి పంపుతాయి. సౌత్ డకోటాలో పూర్తికాలం సంచారులు ఒక రాత్రి బస చేసిన రసీదుతో డ్రైవింగ్ లైసెన్సు పొందే వీలు ఉన్నది.

ఇంటిబడి నిబంధనలు ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క విధంగా ఉంటాయి:

- టెక్సస్: ఇంటిబడిని ప్రైవేటు పాఠశాలగా పరిగణించాలని దిగువ కోర్టు ఇచ్చిన తీర్పును రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లో సమర్థించింది. పఠనం, వర్ణక్రమం, వ్యాకరణం, గణితం, పౌరధర్మం బోధించాలి. ప్రభుత్వ పరీక్ష లేదు.
- ఫ్లోరిడా: జిల్లా విద్యాధికారికి తెలియజేయాలి. పిల్లవాని పని నమూనాలను భద్రపరచి, ప్రతి సంవత్సరం మూల్యాంకనం చేయించాలి.
- సౌత్ డకోటా: 2021లో చేసిన చట్టం ప్రకారం ఒకసారి తెలియజేస్తే చాలు.
- న్యూయార్క్: ముందుగా బోధనా ప్రణాళికను, తరువాత మూడు నెలలకు ఒకసారి నివేదికను సమర్పించాలి.

ఒకే రాష్ట్రంలో ఎక్కువ కాలం ఆగిపోతే అక్కడి నిబంధనలు వర్తించే అవకాశం కూడా ఉన్నది. చట్టం అడగని చోట కూడా తేదీలతో కూడిన పాఠాల రికార్డును ఉంచుకోవడం అవసరం. పిల్లవాడు మధ్యలో ఏదైనా బడిలో చేరవలసి వస్తే ఏ తరగతిలో చేర్చాలో నిర్ణయించడానికి అదే ఆధారం.

ఉన్నత విద్య

కళాశాల ప్రవేశానికి తల్లిదండ్రులు తయారుచేసిన మార్కుల పట్టిక, శాట్ లేక ఏసీటీ పరీక్ష ఫలితాలు, కమ్యూనిటీ కళాశాలలో చదివిన కోర్సులు ఉపయోగపడతాయి. మే నెలలో జరిగే ఏపీ పరీక్షలకు అంతకు ముందటి శరదృతువులోనే ఏదైనా పాఠశాలలో పేరు నమోదు చేసుకోవాలి. ఆరు నెలల తరువాత ఏ ఊరిలో ఉంటారో తెలియని కుటుంబానికి ఇది చిక్కు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఆ రాష్ట్ర నివాసులకు ఫీజు తక్కువ కాబట్టి స్థిరనివాసం ఎక్కడ అన్న ప్రశ్న ఇక్కడ మరల ఎదురవుతుంది. అందువలన కొన్ని కుటుంబాలు పిల్లల ఉన్నత పాఠశాల వయసులో సంచారాన్ని ముగించి ఒకచోట స్థిరపడతాయి.

ప్రయోజనాలు, విమర్శలు

తల్లిదండ్రులు, తోబుట్టువులతో ఎక్కువ కాలం గడపడం, ఒక్కొక్క విద్యార్థికి తగిన వేగంతో బోధన, భిన్న ప్రాంతాల ప్రజలతో పరిచయం ఈ విధానం వలన కలిగే మేలుగా చెబుతారు. ఇంటి పనులలో పిల్లలకు నిజమైన బాధ్యత ఉంటుంది. చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టడం, నీటి గొట్టం తగిలించడం వారి నిత్యకృత్యాలు.

స్నేహాలు నిలవకపోవడం ముఖ్యమైన విమర్శ. చిన్నపిల్లలు ప్రతి విడిదిలోనూ కొత్త స్నేహితులను సంపాదించుకుంటారు. పన్నెండు పదమూడేళ్ళ వయసు వచ్చేసరికి, ప్రతి పరిచయమూ వీడ్కోలుతో ముగియడం వారికి భారమవుతుంది. దీనికి పరిహారంగా కొన్ని కుటుంబాలు కలిసి ఒకే దారిలో ప్రయాణిస్తాయి. ఎప్పుడూ చూసే వైద్యుడు లేకపోవడం, ఆరోగ్య బీమా ఒక ప్రాంతపు ఆసుపత్రులకే పరిమితం కావడం ఇతర సమస్యలు. చదవడంలో లేక మాట్లాడటంలో ఇబ్బంది ఉన్న పిల్లవానిని బడిలో ఉపాధ్యాయులు గుర్తించే అవకాశం ఉంటుంది. బయటివారెవరూ చూడని ఇంటిబడిలో ఆ లోపం ఆలస్యంగా బయటపడవచ్చును.

పాస్కోవిట్జ్ కుటుంబం

ఈ చర్చలో తరచుగా ప్రస్తావించదగిన ఉదాహరణ డోరియన్ పాస్కోవిట్జ్ (1921-2014) కుటుంబం. స్టాన్ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివిన ఈయన వృత్తిని వదలి, భార్య జూలియట్ తోను, తొమ్మిది మంది పిల్లలతోను 24 అడుగుల క్యాంపరు వాహనంలో సంచరిస్తూ, సముద్రపు అలలపై సర్ఫింగ్ చేస్తూ జీవించాడు. పిల్లలను బడికి పంపలేదు. 1972లో స్థాపించిన సర్ఫింగ్ శిక్షణ శిబిరం ఈ కుటుంబానికి పేరు తెచ్చింది. వీరి జీవితంపై డగ్ ప్రే 2007లో సర్ఫ్ వైజ్ అనే డాక్యుమెంటరీ చిత్రాన్ని తీశాడు. పెద్దవారైన పిల్లలు ఈ చిత్రంలో తమ బాల్యంలోని ఆనందాన్ని, క్రమమైన చదువు లేకపోవడం వలన బయటి ప్రపంచంలో ఎదురైన కష్టాలను కూడా చెప్పారు. తండ్రికి వదులుకొనడానికి ఒక వైద్య పట్టా ఉన్నది. పిల్లలకు అటువంటి ఎంపిక మిగలలేదు. సంచారం తల్లిదండ్రుల నిర్ణయం. దాని ఫలితాన్ని అనుభవించేది పిల్లలు.

ఇష్టంతో కాని సంచారం

ట్రైలరులో నివసించే కుటుంబాలన్నీ ఇష్టపడి వచ్చినవి కావు. ఇల్లు కోల్పోయి, అద్దె భరించలేక ట్రైలరు విడిదులలో తలదాచుకొనేవారు కూడా ఉన్నారు. తగిన నివాసం లేక ఇటువంటి చోట ఉండే పిల్లలను 1987 నాటి మెకినీ-వెంటో చట్టం నిరాశ్రయులుగా గుర్తిస్తుంది. చిరునామా, పాత రికార్డులు చూపలేకపోయినా వారిని వెంటనే బడిలో చేర్చుకోవాలి. పంటల వెంట తిరిగే వ్యవసాయ కూలీల పిల్లల చదువుకు 1966 నుండి ప్రత్యేకమైన ఫెడరల్ కార్యక్రమం ఉన్నది. వీరి విషయంలో బడి మారిన ప్రతిసారీ చదువు తెగిపోవడమే ప్రధాన సమస్య.

ఇతర దేశాలలో

ఇంగ్లండులో 1996 విద్యాచట్టం ప్రకారం పిల్లలకు తగిన విద్య అందించడం తల్లిదండ్రుల బాధ్యత. అది బడిలోనే కానక్కరలేదు. జర్మనీలో బడికి వెళ్ళడం తప్పనిసరి, ఇంటిబడికి సాధారణంగా అనుమతి లేదు. ఫ్రాన్సులో 2021లో చేసిన చట్టం వలన 2022 నుండి ముందస్తు అనుమతి అవసరమయింది. ఆస్ట్రేలియాలో దూరప్రాంతాల పిల్లలకు రేడియో ద్వారా పాఠాలు చెప్పే ఆకాశ పాఠశాల 1951లో ఆలిస్ స్ప్రింగ్స్ లో ప్రారంభమయింది.

భారతదేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుండి 14 సంవత్సరాల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసింది. ఇంటివద్ద చదివినవారు 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారా పరీక్షలు వ్రాయవచ్చును. ట్రైలరు జీవనం ఇక్కడ అరుదు. బ్రతుకుతెరువు కోసం ఇటుక బట్టీలకు, నిర్మాణ పనులకు వలసపోయే కుటుంబాల పిల్లలు తెలుగు రాష్ట్రాలలో చాలామంది ఉన్నారు. ఊరు మారినా చదువు తెగకుండా చూడటం అనే సమస్య ఆ పిల్లలకు, ట్రైలరు పిల్లలకు ఒకటే. ఒకరి విషయంలో దానిని తల్లిదండ్రులు తీర్చగలుగుతున్నారు, మరొకరి విషయంలో ప్రభుత్వం, సమాజం తీర్చవలసి ఉన్నది.

ఇవి కూడా చూడండి

- సార్వత్రిక విద్య
- విద్యాహక్కు చట్టం
- జాన్ హోల్ట్
- గ్రాండ్ కాన్యన్